పతకం అంచు మీద పేరు

మాస్టారిని అడగండి

నాకు మామూలుగా వచ్చే ఉత్తరాలు రెండు రకాలు. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలన్నది ఒకటి, చెన్నైలో పెరిగిన మనవడు తెలుగు చదవనంటున్నాడన్నది ఇంకొకటి. ఈసారి సూళ్లూరుపేట నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం చదివాక మిగతావి పక్కన పెట్టేశాను. ఆమె ప్రశ్నకు దగ్గరగా ఉన్న మరికొన్ని ఉత్తరాలు కూడా పాత కట్టలోంచి తీసి ఇక్కడే జవాబులు రాస్తున్నాను. గ్రూపుల గొడవ వచ్చే సంచికలో చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. వచ్చే నెలలో తొమ్మిదో తరగతి పిల్లలు 42 మందిని మద్రాసు తీసుకెళ్లి బీచ్ రోడ్డులోని వార్ మెమోరియల్, సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం చూపించాలనుకుంటున్నాం. రెండేళ్ల కిందట ఇలాగే వెళ్తే పిల్లలు మెమోరియల్ దగ్గర పది నిమిషాలు సెల్ఫీలు దిగారు. మ్యూజియంలో ఒక గుమ్మంలోంచి వెళ్లి ఇంకో గుమ్మంలోంచి బయటికొచ్చేశారు. మర్నాడు ఏం చూశారో రాయమంటే అందరూ ఒకటే వాక్యం రాశారు: 'వీర జవాన్ల త్యాగం మరువలేనిది.' ఈసారైనా వాళ్ల మనసుకు ఎక్కేలా చూపించడం ఎలా?
(ఒక టీచర్, సూళ్లూరుపేట)

జవాబు: అమ్మా, ఆ వాక్యాన్ని నేను 31 ఏళ్లు దిద్దాను. పిల్లలు మారారు, చేతిరాతలు మారాయి, ఆ వాక్యం మాత్రం మారలేదు. తప్పు పిల్లలది కాదు. మనం వాళ్లకు 'త్యాగం' అనే మాట చూపించి తీసుకొచ్చాం, వాళ్లు ఆ మాటే మనకు తిరిగి అప్పజెప్పారు.

ముందు నా నిర్వాకం వినండి. 1998లో, ఉత్తర చెన్నైలో నేను పనిచేసిన తెలుగు మీడియం స్కూలు నుంచి 38 మందిని కోటకు తీసుకెళ్లాను. రెండు సిటీ బస్సులు మారి, ఎండలో నడిపించి, మ్యూజియం దగ్గరికి చేరితే తాళం వేసి ఉంది. ఆ రోజు శుక్రవారం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఊళ్లోనే ఉంటూ, పైగా సోషల్ మాస్టారినై ఉండి, ఆ ముక్క కనుక్కోలేదు. "శుక్రవారం గుడికెళ్లాలి గానీ మ్యూజియానికి కాదు సార్" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, లోపల మాత్రం టెన్షన్. తిరిగి స్కూలుకు వెళ్తే హెడ్ మాస్టారికి ఏం చెప్పాలి?

కాసేపు పక్కనే ఉన్న సెయింట్ మేరీ చర్చి చూపించాను. 1680లో కట్టిన చర్చి అది. ఫిరంగి గుండు పడ్డా తట్టుకునేలా పైకప్పును మందంగా, వంపుగా కట్టారని చెప్తే పిల్లలు తలలెత్తి చూశారు. ఆ తర్వాత ఇక తోచక, మళ్లీ బస్సెక్కించి నందంబాక్కం తీసుకెళ్లాను. మౌంట్-పూనమల్లి రోడ్డు మీద మద్రాసు వార్ సిమెట్రీ ఉంది కదా, అక్కడికి. అప్పటిదాకా నేను కూడా బస్సులోంచి చూడడమే తప్ప లోపల అడుగు పెట్టలేదు.

మీరు చూశారో లేదో, చాలా శుభ్రంగా, పచ్చగా ఉంటుంది. దక్షిణ, తూర్పు భారతంలో ఎక్కడెక్కడో ఉన్న రెండో ప్రపంచ యుద్ధం నాటి సమాధులను ఒకచోటికి చేర్చడం కోసం 1952లో ఏర్పాటు చేశారు. 850కి పైగా సమాధులు. అధికారికైనా, మామూలు సైనికుడికైనా ఒకే కొలత రాయి. రాయి మీద రెజిమెంటు గుర్తు, నంబరు, పేరు, చనిపోయిన తేదీ, వయసు. మా పిల్లలు లోపలికి వెళ్లగానే పరుగులు మొదలుపెట్టారు. అక్కడ పనిచేసే ఆయన మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సిగ్గేసి గట్టిగా అరిచాను: "ఒక్కొక్కళ్లూ ఒక్కో రాయి దగ్గర నిలబడండి. రాయి మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు నోట్సులోకి ఎక్కించుకోండి. నేను పిలిచేదాకా ఎవరూ కదలకూడదు."

ఇది పాఠం చెప్పే పద్ధతి అనుకుని చేసింది కాదు, అల్లరి ఆపడానికి చేసింది. కానీ ఆ పావుగంటలో జరిగింది నా ఉద్యోగంలో నేను పదిసార్లు కూడా చూడలేదు. నిశ్శబ్దం. 38 మంది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ రాసుకుంటున్నారు. తిరుగు బస్సులో ఎవరి రాయి ఎవరిదో పోల్చుకోవడం మొదలైంది. "నా వాడికి 20 ఏళ్లు." "నా వాడు నీ వాడికంటే చిన్నోడు." నా వాడు, నీ వాడు! లెక్కలు బాగా వచ్చే ఒకడు అందరి దగ్గరా వయసులు సేకరించి సగటు కట్టడం మొదలుపెట్టాడు. నేను చెప్పమన్న పని కాదది.

ఇక అసలు విషయం. సిమెట్రీ వెనక వైపు ఇంకో స్మారకం ఉంది, అది 1914-1918 యుద్ధానిది. దేశంలో పలుచోట్ల ఉన్న సమాధులను కలకాలం చూసుకోవడం కుదరక, వెయ్యి మందికి పైగా పేర్లను అక్కడ రాతి మీద చెక్కారు. ఒక అమ్మాయి ఆ పేర్ల ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "సార్, ఇందులో అందరూ దొరల పేర్లే ఉన్నాయి. మా ముత్తాత కూడా ఆ యుద్ధానికే వెళ్లాడంట. మనవాళ్ల పేర్లేవి సార్?" అంది.

నా దగ్గర జవాబు లేదు. "ఢిల్లీలో ఇండియా గేటు మీద ఉంటాయమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు, 13 వేలకు పైగా పేర్లు ఉన్నాయి దాని మీద. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లు 13 లక్షలకు పైగా, తిరిగి రానివాళ్లు దాదాపు 74 వేలు. మరి మిగతావాళ్లు? ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ దగ్గర 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్న స్మారకం ఉంది. ఇరాక్‌లోని బస్రా స్మారకం సంగతి వేరు. అక్కడ రాతి మీద మన దళాల్లో అధికారుల పేర్లు మాత్రమే చెక్కారు. మామూలు సిపాయిలు ఒక అంకె కింద కలిసిపోయారు. ఫలానా దళం, ఇంతమంది, అంతే. 2021 ఏప్రిల్‌లో, ఈ సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తనే వేయించిన విచారణ నివేదిక బయటపెట్టి, జరిగినదానికి క్షమాపణ చెప్పింది. ఆఫ్రికా, ఆసియా దేశాలకు చెందిన కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తుచేసుకోలేదని, కొందరినైతే అసలు గుర్తుచేసుకోలేదని ఆ నివేదిక ఒప్పుకుంది. ఆ అమ్మాయి అడిగిన 23 ఏళ్లకు దొరికింది నాకు జవాబు. ఈపాటికి తనకు పెళ్లీడు పిల్లలు కాకపోయినా, తొమ్మిదో తరగతి పిల్లలైతే ఉండే ఉంటారు.

ఆ అమ్మాయి మర్నాడు ఒక పతకాన్ని రుమాల్లో మూట కట్టి తెచ్చింది. వాళ్లది గోదావరి వైపు నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడిన కుటుంబం. ముత్తాత బస్రాలో తుపాకీ పట్టి పోరాడాడని ఇంట్లో చెప్పుకుంటారట. పతకానికి ఒకవైపు ఐదో జార్జి చక్రవర్తి, ఇంకోవైపు గుర్రమెక్కిన మనిషి, 1914, 1918 అంకెలు. ఆ పతకాల అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో గ్రహీత నంబరు, పేరు, దళం కొడతారు. చాలామందికి ఈ సంగతి తెలియదు, ముందూ వెనకా చూసి పెట్టేస్తారు. నేను మా వీధిలో వాచీలు బాగుచేసే ఆయన దగ్గర భూతద్దం అడిగి తెచ్చి అంచు చదివాను. నంబరు ఉంది, పేరు ఉంది, పేరుకు ముందు హోదా ఉండాల్సినచోట 'కుక్' అని ఉంది. అప్పుడు చూశాను పతకాన్ని సరిగ్గా. అది వెండిది కాదు, కంచుది. సైనికులకు వెండి పతకం. సైన్యం వెంట వెళ్లిన వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, కూలిదళాలవాళ్లు, వీళ్లకు అదే అచ్చు కంచులో.

చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పేశాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను చేసింది తప్పేమో అనుకున్నాను కూడా. మూడో రోజు వచ్చి చెప్పింది: "సార్, మా నాయనమ్మకి చెప్పాను. ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ వంట ఆయనే చేసేవాడంట. నలుగురితో మొదలుపెట్టి నాలుగు వందల మందికైనా చేతిలెక్కతోనే ఉప్పు వేసేవాడంట. ఎక్కడ నేర్చుకున్నాడో ఇప్పుడు తెలిసిందే అంది." తర్వాత వారం ఆ పిల్ల రాసిన రెండు పేజీల్లో 'త్యాగం' అన్న మాట లేదు. ఎడారిలో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు, బియ్యం ఓడల్లో ఎన్ని రోజులకు చేరేది, మనవాళ్లకు రొట్టెలు సయించేవా అని ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. సగానికి నాకు జవాబులు తెలియవు.

అందుకని మీకు నేను చెప్పేది ఒకటే, ఇంటిపని ముందు ఇవ్వండి, ప్రయాణం తర్వాత పెట్టుకోండి. బస్సెక్కడానికి రెండు వారాల ముందే పిల్లల్ని ఇంట్లో అడగమనండి: మన కుటుంబంలో, మన వీధిలో మిలటరీకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫొటో, పతకం, పింఛను కాగితం, ట్రంకుపెట్టె, ఏదైనా ఉందా? మీ నెల్లూరు వైపు కూడా దొరుకుతాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, తరతరాలుగా సైన్యానికి వెళ్లడం అక్కడ ఇంటి ఆనవాయితీ. మీ బంధువులెవరైనా అటువైపు ఉంటే ఇంకా మంచిది. పతకం దొరికితే దయచేసి పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పండి. పండక్కి ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పెట్టి తోమొద్దని. అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

పేరు దొరికితే, యుద్ధంలో చనిపోయినవాళ్ల వివరాలు కమిషన్ వారి వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. ఒక చిక్కుంది. మన పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి విన్నట్టు రాసుకున్నారు. వెంకటస్వామి అయితే వెంకటసామి, ఎంకటసామి, వెంకట్టసామి, అన్నీ వేసి చూడాలి. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. పిల్లలకు ఇది మహా సరదాగా ఉంటుంది. ఒక గంట కంప్యూటర్ ల్యాబ్ ఇప్పించండి చాలు.

ఇక ఆ రోజు ప్రయాణం. పొద్దున్నే ముందు బీచ్ రోడ్డు మెమోరియల్‌కి వెళ్లండి. ఎండెక్కితే ఆ రాళ్ల దగ్గర నిలబడలేం. కోటకు దక్షిణంగా, నేపియర్ వంతెనకు ఇవతల ఉంటుంది. ఆ చోటును పూర్వం క్యూపిడ్స్ బో అనేవారు, మన భాషలో చెప్పాలంటే మన్మథుడి విల్లు. షికారు చోటుకు పెట్టిన పేరు, యుద్ధ స్మారకం వచ్చి కూర్చుంది. మొదట కట్టింది మొదటి ప్రపంచ యుద్ధంలో గెలిచినందుకు, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లి తిరిగి రానివాళ్ల జ్ఞాపకంగా. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, 1948 కాశ్మీర్, 1962, 1965, 1971 వచ్చి చేరాయి. అక్కడ ఉపన్యాసం వద్దు. ఈ సంవత్సరాల్ని పిల్లల చేత వరసగా రాయించి, ఒక్కో దాని పక్కన ఆ ఏడు తమ ఇంట్లో ఎవరు ఎంత వయసువాళ్లో రాయమనండి. 1971 పక్కన తాతయ్య వయసు రాసేసరికి అది చరిత్ర పుస్తకంలోంచి ఇంట్లోకి వచ్చేస్తుంది. మెరీనా అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంటుంది. సముద్రం, శనగల సుండల్ ఎదురుగా ఉంటే రాయిని చూసేదెవరు? బీచ్ ఆఖర్న అని ముందే ఒప్పందం చేసుకోండి, లేకపోతే మీరు గెలవలేరు.

కోట లోపల సెక్రటేరియట్, అసెంబ్లీ ఉన్నాయి కాబట్టి సంచులు తనిఖీ చేస్తారు. అసెంబ్లీ జరిగే రోజులు వదిలేయండి. శుక్రవారం సంగతి మీకు మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటాను. మ్యూజియం పురావస్తు శాఖది, 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు.

లోపల అన్నీ చూపించాలనే ఆశ వదులుకోండి. నా మాట విని 14 మంది చొప్పున మూడు జట్లు చేసి, జట్టుకు ఒక్క వస్తువు అప్పగించండి. ఒక జట్టుకు చెక్క బోను. ఇంగ్లీషువాళ్లకు, చైనావాళ్లకు జరిగిన మొదటి నల్లమందు యుద్ధకాలంలో, 1840లో, మద్రాసు ఆర్టిలరీకి చెందిన కెప్టెన్ ఆన్‌స్ట్రదర్ అనే అధికారిని చైనావాళ్లు పట్టుకుని అలాంటి బోనులో పెట్టారు. కాళ్లు చాపుకునే వీలుండదు. పిల్లల్లో ఒకణ్ణి నేల మీద అంత చోటులో ముడుచుకుని కూర్చోమనండి, అయిదు నిమిషాలు. ఆ తర్వాత, అసలు మద్రాసు సైన్యానికి చైనాలో ఏం పని అని అడగండి. నల్లమందు అమ్మకం సంగతి అప్పుడు చెప్పండి. బోనులో ఉన్నవాడి మీద జాలి, వాడు వెళ్లిన పని మీద కోపం, రెండూ ఒకే వస్తువు ముందు కలగడం 14 ఏళ్ల పిల్లలకు మంచిదే.

రెండో జట్టుకు ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ విగ్రహం. విగ్రహాన్ని చూడొద్దని చెప్పండి, కింద పీఠం మీద చెక్కిన బొమ్మను చూడమనండి. 1792లో ఓడిపోయిన టిప్పు సుల్తాను తన ఇద్దరు కొడుకుల్ని ఇంగ్లీషువాళ్లకు హామీగా అప్పగించే దృశ్యం అది. పదేళ్ల అటూ ఇటూ వయసు పిల్లలు. తండ్రి బాకీ తీర్చేదాకా వాళ్లను తెచ్చి ఉంచింది ఈ మద్రాసులోనే. శిల్పి గెలిచినవాడి డబ్బుతో చెక్కాడు కనుక అందులో అందరూ మర్యాదగా ఉంటారు. 'ఆ పెద్దబ్బాయి ఆ రాత్రి తమ్ముడితో ఏమన్నాడో రాయండి' అని ఇవ్వండి. చూడండి ఏం వస్తుందో.

మూడో జట్టుకు 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన పట్టు జెండా. దాని గురించి నేనేమీ చెప్పను. దాన్ని చూశాక అక్కడ కాస్త గొంతు పట్టేసి నేను ఏ పాఠమూ చెప్పలేకపోయాను.

టైముంటే నందంబాక్కం వెళ్లండి. కోట నుంచి దూరమే, ట్రాఫిక్‌లో గంట పైనే పట్టొచ్చు. రెండిట్లో ఒకటే కుదురుతుందంటే, మీరేమనుకున్నా సరే, నేను మ్యూజియం మానేసి అక్కడికే వెళ్తాను.

ప్రశ్న: మాస్టారూ, నేను లక్నోలో చదువుతున్నాను. ఇక్కడ ఒక పెద్దాయన నేను తెలుగువాణ్ణని తెలిసి "అయితే నువ్వు తిలంగావి, సిపాయివి" అని నవ్వారు. ఏమిటి సంబంధం?
(ఒక విద్యార్థి, సొంతూరు చెన్నై)

జవాబు: ఆయన వేళాకోళం చేయలేదు నాయనా, చరిత్ర చెప్పారు. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు ఓడల్లో తీసుకెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు చాలామంది. మరుసటి ఏడు ప్లాసీలో కంపెనీ పక్షాన నిలబడిందీ వాళ్లే. ఉత్తరాదివాళ్లు ఎర్రకోటు, తుపాకీ, కవాతు మొదట చూసింది ఈ తెలంగుల (వాళ్ల నోట తిలంగాల) ఒంటి మీద. దాంతో కంపెనీ సిపాయి ఏ ఊరివాడైనా తిలంగా అయిపోయాడు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా జనం తిలంగాలనే అన్నారు, వాళ్లలో ఎక్కువమంది అవధ్ వైపు వాళ్లయినా సరే. మన పేరుతో ఊరేగిన మాటలో మనవాళ్లు లేకుండా పోయారన్నమాట. పైన టీచరమ్మకు రాసిన జవాబు కూడా చదువు.

ప్రశ్న: మా అమ్మమ్మ మా మామయ్యను "వాడొక ఎండెన్, జాగ్రత్త" అంటుంది. అది తెలుగా, తమిళమా?
(ఒక పాఠకురాలు, విల్లివాక్కం)

జవాబు: రెండూ కాదమ్మా, జర్మను ఓడ పేరు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక మద్రాసు రేవు ముందుకు వచ్చి, దీపాలు వేసి, చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించి, తిరిగి చీకట్లోకి జారుకుంది. మొత్తం ఎంతోసేపు పట్టలేదు. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబడ్డాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కింది. హైకోర్టు తూర్పు గోడకు ఆ సంగతి చెప్పే ఫలకం ఇప్పటికీ ఉంది. ఓడ కెప్టెను ముల్లర్ ఎంత తెలివైనవాడంటే, నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీకి దొరికేదాకా అంత పెద్ద నౌకాదళాన్ని ఒక్క ఓడతో తిప్పలు పెట్టాడు. అలా మద్రాసు తమిళంలో ఎమ్డెన్ అంటే కంటికి కనపడకుండా పని చక్కబెట్టుకుపోయే గడుసువాడు అయ్యాడు. పక్కింటి తమిళం మన వంటింట్లోకి రావడం ఈ ఊళ్లో మామూలే. మీ మామయ్య ఏం చేశాడో రాయలేదు మీరు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. స్కూలువాళ్లు మ్యూజియం తీసుకెళ్లి కత్తులు, తుపాకులు చూపించినప్పటి నుంచి ఇంట్లో ఒకటే యుద్ధం ఆట. పిల్లలకు ఇవన్నీ చూపించడం అవసరమా?
(ఒక అమ్మ, అంబత్తూరు)

జవాబు: చూపించకపోయినా ఫోనులో చూస్తున్నారు తల్లీ. ఆ ఫోనులో తుపాకీకి బరువుండదు, అదే తేడా. కంపెనీ కాలపు సిపాయి తుపాకీ నాలుగు కిలోల పైమాటే. అయిదు కిలోల బియ్యం సంచి వాడి చేతుల్లో పెట్టి, చేతులు ముందుకు చాపి నిమిషంసేపు నిలబడమనండి. దించకుండా నిలబడితే ఆట ఆడుకోనివ్వండి. నాకు తెలిసి ఎవడూ నిలబడలేదు, నేను కూడా.

ప్రశ్న: మాస్టారూ, నాకు 75 ఏళ్లు. ఆవడిలో ఉంటాను. సైన్యంలో పనిచేసి రిటైరయ్యాను, 1971లో తూర్పు సరిహద్దులో ఉన్నాను. మా మనవరాలి స్కూలువాళ్లు విజయ్ దివస్ నాడు, డిసెంబరు 16న, పిల్లలతో మాట్లాడమంటున్నారు. నాకు ఉపన్యాసాలు రావు. ఏం చెప్పను? ఒక ప్రశ్నకు మాత్రం భయపడుతున్నాను, అది మీకు తెలుసు.
(ఒక మాజీ హవల్దారు)

జవాబు: అయ్యా, ఉపన్యాసం రానివాళ్లే మాట్లాడాలి. యుద్ధం ఎందుకొచ్చింది, ఎంతమంది లొంగిపోయారు, ఇవి టీచర్లు చెప్తారు. మీరు బూట్ల గురించి చెప్పండి. తడిసిన బూట్లు ఎన్ని రోజులు విప్పలేదో, ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చేదో, తెలుగు చదవడం రాని తోటివాళ్ల మధ్య ఆ ఉత్తరాన్ని ఎలా దాచుకునేవారో, జేబులో ఏం పెట్టుకునేవారో. అన్నం దొరికిన రోజు ఏం కూరో గుర్తుంటే అది కూడా.

మీరు భయపడుతున్న ప్రశ్న వస్తుంది. మూడో బెంచీలోంచి ఎవడో ఒకడు లేచి "ఎవరినైనా చంపారా తాతా?" అంటాడు. టీచరు వాణ్ణి కూర్చోమని గదమాయిస్తారు, మీరు వద్దని చెప్పండి. చెప్పాలనిపిస్తే ఒక్క మాటలో చెప్పండి. వద్దనిపిస్తే "ఇది మీ అవ్వకు కూడా చెప్పలేదురా" అనండి. పిల్లలకు అర్థమవుతుంది, పెద్దవాళ్లకే అర్థం కాదు.

పతకాలు పెట్టుకునే వెళ్లండి. సంగ్రామ్ మెడల్ ఉంటుంది కదా మీకు, దాని అంచు మీద మీ నంబరు, పేరు ఉంటాయి. ఒక భూతద్దం జేబులో వేసుకోండి. పతకాన్ని గోడకు తగిలించినట్టు దూరం నుంచి చూపించొద్దు, విప్పి పిల్లల చేతికివ్వండి, ఒకరి తర్వాత ఒకరు అంచు తిప్పుకుంటూ మీ పేరు పైకి చదవమనండి. వచ్చేటప్పుడు మాత్రం లెక్కపెట్టుకుని తీసుకోండి.